పచ్చబాణం ఎందుకు మాయమవుతుంది? షేర్ల చార్టులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ తెర మీద కనిపించే చార్టుల గురించి, ఇండికేటర్ల (ధరల నుంచి లెక్క కట్టి చార్టు మీద వేసే గీతలు, గుర్తులు) గురించి సందేహాలు రాయమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గోదావరి డెల్టా ఊళ్ల నుంచే ఉన్నాయి. "ఏ షేరు కొనమంటారు?" అన్న ఉత్తరాలను పక్కన పెట్టాము. రుసుము తీసుకుని అటువంటి సలహా ఇవ్వడానికి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వద్ద నమోదు కావాలి. ఉచితంగా ఇవ్వడం ఈ శీర్షిక ఉద్దేశం కాదు. జవాబులలో లెక్క కోసం వేసిన ధరలు ఏ కంపెనీవీ కావు.

ప్రశ్న: మాది బియ్యం మిల్లు. ధాన్యం ధర అంటే మాకు బస్తాకు ఒక అంకె, అంతే. షేర్ల తెర మీద ఎర్ర కడ్డీలు, పచ్చ కడ్డీలు, వాటికి పైనా కిందా సన్నని గీతలు ఎందుకు? ఒక మామూలు గీత సరిపోదా? పైగా మూడున్నరకు ఆఖరున చూసిన ధరకూ సాయంత్రం చూపించే ముగింపు ధరకూ తేడా వస్తోంది. (మండపేట)

జవాబు: మామూలు గీత ముగింపు ధరలను మాత్రమే కలుపుతూ పోతుంది. మీరు చెప్పిన ఆ కడ్డీని క్యాండిల్ అంటారు. అది నాలుగు అంకెలను చూపిస్తుంది: ఆ సమయంలో మొదటి ధర, అన్నిటికంటే ఎక్కువ ధర, అన్నిటికంటే తక్కువ ధర, ఆఖరి ధర. మొదటి ధరకూ ఆఖరి ధరకూ మధ్య ఉన్న లావైన భాగం బాడీ. దాన్ని దాటి పైకీ కిందికీ వెళ్లి వచ్చిన మేర విక్. ఆఖరి ధర మొదటి ధర కంటే ఎక్కువైతే పచ్చగా, తక్కువైతే ఎర్రగా చూపించడం మన తెరల అలవాటు. ఒక రోజు షేరు 500 వద్ద మొదలై 470కి పడి, మళ్లీ లేచి 502 వద్ద ముగిసిందనుకుందాం. మామూలు గీతలో ఆ రోజు ఏమీ జరగనట్టే ఉంటుంది. క్యాండిల్‌లో మాత్రం కిందికి పొడవాటి విక్ కనిపిస్తుంది. 470 దగ్గర కొనేవారు వచ్చారన్న సమాచారం అందులో ఉంది.

మీది బియ్యం వ్యాపారం కాబట్టి ఒక మాట చెప్పాలి. క్యాండిల్ పద్ధతి పుట్టినచోటు జపాన్ బియ్యం బజారు అని చెబుతారు. ఒసాకాలోని దోజిమా బియ్యం ఎక్స్ఛేంజికి 1730లో అక్కడి షోగన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 18వ శతాబ్దంలో సకాటా ఊరి బియ్యం వర్తకుడు హొమ్మా మునెహిసా ఈ గీతల పద్ధతికి మూలపురుషుడని సంప్రదాయం. నేటి రూపమంతా ఆయన చేతి మీదుగానే వచ్చిందనడం కొంత అతిశయోక్తి కావచ్చు గాని, ధరల చరిత్రను బొమ్మగా చూసే అలవాటు బియ్యం వర్తకులదేనన్న మాటకు పెద్దగా అభ్యంతరం లేదు.

ఇక ముగింపు ధర సంగతి. మన ఎక్స్ఛేంజీలలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి ప్రకారం, రోజు ముగింపు ధర అంటే ఆఖరి లావాదేవీ ధర కాదు. 3:00 నుంచి 3:30 వరకు జరిగిన లావాదేవీలకు, ఎన్ని షేర్లు చేతులు మారాయన్న దానిని బట్టి తీసిన సగటు. అందువల్ల ఐదు నిమిషాల చార్టులో ఆఖరి క్యాండిల్ ఒక ధర వద్ద ఆగి, రోజువారీ చార్టులో అదే రోజు క్యాండిల్ మరొక ధర వద్ద ఆగవచ్చు. రెండూ సరైనవే. గంట చార్టు చూసేవారు మరొకటి గమనించాలి: మార్కెట్ 9:15 నుంచి 3:30 వరకు, అంటే 375 నిమిషాలు నడుస్తుంది. దానిని గంటలుగా కోస్తే ఆరు నిండు క్యాండిళ్లు పోగా ఆఖరిది పావుగంటదే. దాని బాడీ చిన్నదిగా ఉందని మార్కెట్ నీరసించినట్టు అనుకోకూడదు.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. తెలిసిన రంగమే కదా అని 2025 ఏప్రిల్‌లో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ షేరును, ఆర్‌ఎస్‌ఐ 30 కిందికి రాగానే కొన్నాను. ఆ తరువాత కూడా పడింది. 30 కింద ఉంటే ఇక పడదని కదా అందరూ చెబుతారు? (ఆకివీడు)

జవాబు: అందరూ చెబుతారు గాని, ఆర్‌ఎస్‌ఐ మాత్రం ఆ మాట చెప్పదు. దాని లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. జె. వెలెస్ వైల్డర్ అనే అమెరికన్ 1978లో దీనిని ప్రచురించారు. ఆయన తీసుకున్నది 14 రోజుల లెక్క: ధర పెరిగిన రోజులలో పెరిగిన మొత్తానికి ఒక సగటు, తగ్గిన రోజులలో తగ్గిన మొత్తానికి మరొక సగటు. ఆ రెంటినీ కలిపిన మొత్తంలో పెరుగుదల వాటా నూటికి ఎంత అన్నదే ఆర్‌ఎస్‌ఐ. పెరుగుదల సగటు ఒక రూపాయి, తగ్గుదల సగటు మూడు రూపాయలు అయితే నాలుగింట ఒక వంతు, అంటే ఆర్‌ఎస్‌ఐ 25. ఆ అంకెలో షేరు చవకా ఖరీదా అన్న ప్రస్తావన ఎక్కడా లేదు. కంపెనీ లాభం లేదు, అప్పు లేదు, ఆర్డర్లు లేవు. ఈ మధ్య జరిగిన కదలికలో ముప్పాతిక భాగం కిందికే జరిగిందన్న ఒక్క సంగతే ఉంది.

పైగా ఆర్‌ఎస్‌ఐ సున్నా కిందికి పోజాలదు, ధరకు అటువంటి హద్దు దగ్గరలో ఏదీ ఉండదు. షేరు 900 నుంచి 760కి పడేసరికి ఆర్‌ఎస్‌ఐ 25 ఉండవచ్చు. అది 700కి పడినప్పుడు 21 ఉండవచ్చు. తెర కింది భాగంలో ఆ నాలుగు పాయింట్ల తేడా కంటికి ఆనదు. మీ ఖాతాలో మాత్రం షేరుకు 60 రూపాయలు పోయి ఉంటాయి. గట్టిగా పడుతున్న షేరు వారాల తరబడి 30 చుట్టూనే తిరగడం, గట్టిగా పెరుగుతున్న షేరు 70 పైనే ఉండిపోవడం సర్వసాధారణం. ఒక మోస్తరు ధరల మధ్య ఊగే షేరుకు 30, 70 గీతలు కొంత పనికివస్తాయి. ఒకే దిక్కుగా నడిచే షేరుకు అవి చేసే ఉపకారం కంటే అపకారం ఎక్కువ అని నా అభిప్రాయం.

డెల్టాలో ఉన్నవారికి దీనిని మరో విధంగా చెప్పవచ్చు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ గీతలకు విలువ ఎందుకంటే వాటి వెనుక ఇన్ని లక్షల క్యూసెక్కుల నీరు అన్న కొలత ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఎగువన భద్రాచలం ఉంది. భద్రాచలం వద్ద మట్టం చూసినవారికి సుమారు ఒక రోజు తరువాత దిగువకు రాబోయేది ఎంతో అంచనా దొరుకుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71 అడుగులు దాటినప్పుడు లంక గ్రామాలను ఖాళీ చేయించగలిగింది ఆ వ్యవధి ఉండబట్టే. షేర్ల చార్టు మీద వేసే ఇండికేటర్లకు ఎగువన భద్రాచలం లేదు. అవన్నీ అదే చోట, అదే ధర నుంచి, జరిగిపోయిన తరువాత తీసిన లెక్కలు.

మీ విషయంలో ఎగువన జరిగింది తెరకు బయట జరిగింది. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించిన సుంకాలలో మన దేశానికి 26 శాతం అన్నారు. మన రొయ్యలకు అమెరికా పెద్ద మార్కెట్ కనుక ఆ కంపెనీల షేర్లు తీవ్రంగా పడ్డాయి. చెరువుల దగ్గర కొనుగోలుదారులు రేటు దించిన సంగతి నా కంటే మీకే బాగా తెలుసు. ఏప్రిల్ 9న ఆ సుంకాలలో అధిక భాగాన్ని 90 రోజులు వాయిదా వేశారు. ఆగస్టు 27 నుంచి మళ్లీ మొత్తం 50 శాతం చేశారు. ఇందులో ఏ ఒక్క తేదీ కూడా ఆర్‌ఎస్‌ఐకి ముందుగా తెలిసే మార్గం లేదు. వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్యల ధర, మేత ధర, కంటైనర్ల కదలిక ప్రతిరోజూ చూసే మీకు, ఆ రంగం షేర్ల విషయంలో, ఏ ఇండికేటర్‌కూ లేని సమాచారం చేతిలో ఉంది. దానిని పక్కన పెట్టి 30 గీతను నమ్మడం ఎందుకో ఆలోచించండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఒక ఇండికేటర్ తీసుకున్నాను. పాత చార్టు మీద చూస్తే ప్రతి అడుగున పచ్చబాణం, ప్రతి శిఖరాన ఎర్రబాణం కచ్చితంగా ఉన్నాయి. ఉదయం మార్కెట్ నడుస్తున్నప్పుడు పచ్చబాణం వస్తుంది, నేను కొంటాను, కాసేపటికి చూస్తే బాణం ఉండదు. ఇది నా ఫోన్ లోపమా? (పాలకొల్లు)

జవాబు: ఫోన్ లోపం కాదు. ఇలా జరగడానికి మూడు కారణాలు ఉంటాయి. మొదటిది నిర్దోషమైనది, రెండవది తెలుసుకోవలసినది, మూడవది మోసానికి దగ్గరగా ఉన్నది.

మొదటిది, క్యాండిల్ ఇంకా పూర్తి కాకపోవడం. సూపర్‌ట్రెండ్ ఉదాహరణ తీసుకుందాం, మన దగ్గర దాన్ని వేసుకోని వారు తక్కువ. క్యాండిల్ గరిష్ఠ, కనిష్ఠ ధరల నడిమి ధర నుంచి, షేరు సగటున ఊగే మేరకు మూడు రెట్లు తీసివేసి కింద ఒక గీత గీస్తారు. ఆ ఊగే మేరను ఏటీఆర్ అంటారు, అదీ వైల్డర్ ఇచ్చినదే. నడిమి ధర 500, ఏటీఆర్ 8 అయితే గీత 476 వద్ద ఉంటుంది. ముగింపు ధర ఆ గీత కిందికి వస్తే ఎర్రబాణం. ఇప్పుడు ఐదు నిమిషాల చార్టులో 10:05కు మొదలైన క్యాండిల్ 10:07కు 475కి దిగిందనుకోండి. ఆ క్షణంలో ఉన్న ధరనే సాఫ్ట్‌వేర్ ముగింపుగా లెక్క వేస్తుంది గనుక బాణం వెలుగుతుంది. 10:10కి క్యాండిల్ 479 వద్ద ముగిస్తే షరతు నెరవేరలేదు, బాణం పోతుంది. మీరు మాత్రం 10:07కే అమ్మేసి ఉంటారు. దీనికి విరుగుడు సులభం: క్యాండిల్ ముగిసేదాకా ఆగడం, అలర్ట్ పెట్టేటప్పుడు "బార్ ముగిసిన తరువాత ఒక్కసారి" అన్న ఎంపిక పెట్టుకోవడం.

రెండవది, నిర్మాణంలోనే వెనక్కి చూసే ఇండికేటర్లు. జిగ్‌జాగ్ అటువంటిది: ధర 5 శాతం తిరగబడిన తరువాతగాని శిఖరం ఎక్కడుందో అది నిర్ణయించదు, అప్పటివరకు ఆఖరి గీతను చెరిపి కొత్తగా గీస్తూ ఉంటుంది. ఫ్రాక్టల్ గుర్తు కూడా ఒక క్యాండిల్‌కు అటు రెండు, ఇటు రెండు క్యాండిళ్లు చూసిన తరువాత నడిమి దానిపై పడుతుంది. పాత చార్టులో చూస్తే గుర్తు సరిగ్గా అడుగునే ఉంటుంది, కాని అది అక్కడ పడింది రెండు క్యాండిళ్ల తరువాత. ఈ పనిముట్లు గతాన్ని అధ్యయనం చేయడానికి మంచివే. వాటి గుర్తును ఆ సమయానికే వచ్చిన సంకేతంగా లెక్కవేసి "ఇంత లాభం వచ్చేది" అనడమే తప్పు.

మూడవది, ఇండికేటర్ రాసిన వ్యక్తి తెలిసో తెలియకో భవిష్యత్తు ధరను గతంలోకి తీసుకురావడం. ఐదు నిమిషాల చార్టు మీద రోజువారీ సగటు వేసేటప్పుడు, ఇండికేటర్లు రాసే పైన్ స్క్రిప్ట్ వంటి భాషలలో ఒక చిన్న ఎంపిక మారిస్తే, సాయంత్రం తేలే ముగింపు ధర అదే రోజు ఉదయం 9:15 క్యాండిల్ లెక్కలోకి చేరిపోతుంది. పాత చార్టు మీద అటువంటి ఇండికేటర్ తప్పు చేయడం అసాధ్యం. నడుస్తున్న మార్కెట్‌లో దానికి ఆ సాయంత్రం ధర ఇంకా ఉండదు కనుక దాని బండారం బయటపడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి ఇది రెండవదో మూడవదో అయి ఉండాలి.

తేల్చుకోవడం కష్టం కాదు. ఒక వారం పాటు ఏమీ కొనకుండా, బాణం వెలిగిన సమయం, అప్పటి ధర కాగితం మీద రాసుకుని, సాయంత్రం చార్టుతో పోల్చండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో గతాన్ని ఒక్కొక్క క్యాండిల్‌గా నడిపించి చూసే రీప్లే ఉంటుంది. అది మొదటి వడపోతకు పనికివస్తుంది గాని, మూడవ రకం దోషాన్ని పూర్తిగా పట్టదు, కాగితమే నమ్మదగినది. ఇక అమ్మినవారు ఇండికేటర్‌తో ఆగకుండా ఫలానా షేరు ఫలానా ధరకు కొనమని రుసుముకు చెబుతూ ఉంటే, వారికి సెబీ నమోదు ఉండాలి. పెట్టుబడి సలహాదారుల సంఖ్య ఐఎన్‌ఏ అనీ, రీసెర్చ్ అనలిస్టులది ఐఎన్‌హెచ్ అనీ మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ సంఖ్యను వెతికి, పేరు సరిపోయిందో లేదో చూడండి. నమోదైనవారిపై ఫిర్యాదుకు స్కోర్స్ అనే పోర్టల్ ఉంది.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుణ్ణి. ఫోన్ యాప్‌లో ఒక షేరు ఆర్‌ఎస్‌ఐ 58 అంటే, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ 55 అంటుంది. 200 రోజుల ఈఎంఏ కూడా కలవడం లేదు. లెక్క ఒక్కటే అయినప్పుడు జవాబు రెండు ఎలా వస్తుంది? (అమలాపురం)

జవాబు: ముందుగా రెండు చోట్లా ఒకే ఎక్స్ఛేంజి చార్టు తెరిచారో లేదో చూడండి. ఒకదానిలో ఎన్‌ఎస్‌ఈ, మరొకదానిలో బీఎస్‌ఈ ఉండడమే సగం ఉత్తరాలకు సమాధానం కావచ్చు.

అది సరిగా ఉంటే, తేడా సాధారణంగా లెక్క ఎక్కడ మొదలైందన్న దానిలో ఉంటుంది. మామూలు సగటుకు, అంటే ఎస్‌ఎంఏకు, ఆఖరి 200 ముగింపు ధరలు చాలు. ఈఎంఏ అలా కాదు. నిన్నటి ఈఎంఏలో నేటి ధరను కొద్దిగా కలుపుతూ పోతుంది. 200 రోజుల ఈఎంఏలో నేటి ధర వాటా 201లో 2 వంతులు, అంటే ఒక్క శాతం లోపు. ఒక సాఫ్ట్‌వేర్ సరిగ్గా 200 రోజుల చరిత్రనే తెచ్చుకుని లెక్క మొదలుపెడితే, ఆ మొదటి అంకె ప్రభావం చివరన ఇంకా 13 శాతానికి పైగా మిగిలి ఉంటుంది. పదేళ్ల చరిత్ర ఉన్న సాఫ్ట్‌వేర్‌లో అది పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. కనుక పొడవైన చరిత్ర ఉన్నదానిని నమ్మాలి. ఫోన్‌లో చార్టును బాగా వెనక్కి జరిపి చూస్తే కొన్ని యాప్‌లలో అంకె మారడం మీరే గమనిస్తారు.

ఆర్‌ఎస్‌ఐలో మరొక చిక్కు ఉంది. వైల్డర్ తీసిన సగటు మామూలు సగటు కాదు. నిన్నటి సగటులో 14లో 13 వంతులు ఉంచి, నేటిది ఒక్క వంతు కలపడం ఆయన పద్ధతి. అది 27 రోజుల ఈఎంఏతో సమానం. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు దాని బదులు మామూలు సగటు వాడతాయి. అప్పుడు రెండు మూడు పాయింట్ల తేడా సాధారణంగా వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వైల్డర్ పద్ధతిలో నూరు క్యాండిళ్ల చరిత్ర ఉంటే చాలు, మొదటి అంకె ప్రభావం లెక్కలోకి రానంతగా తగ్గిపోతుంది. లెక్కల మాస్టారు అయితే పిల్లల చేత స్ప్రెడ్‌షీట్‌లో వేయించండి, మంచి అభ్యాసం.

ప్రశ్న: 2015లో నేను 1,400కు కొన్న షేరు, ఇప్పుడు చార్టులో ఆ తేదీకి 700 అని చూపిస్తోంది. కొన్నప్పుడు బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్ట్ నోట్ నా దగ్గర ఉంది. (తణుకు)

జవాబు: మధ్యలో కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చి ఉంటుంది. మీ షేర్లు రెట్టింపు అయ్యాయి, ధర సగమైంది. చార్టులో ఆ రోజు అకారణంగా లోయ కనిపించకుండా, వెనకటి ధరలన్నిటినీ రెండుతో భాగిస్తారు. ముఖ విలువ 10 నుంచి 2కు విభజిస్తే ఐదుతో భాగిస్తారు. డీమ్యాట్ ఖాతాలో షేర్ల సంఖ్య చూస్తే తేలిపోతుంది. సాధారణ డివిడెండ్లకు మాత్రం చాలా చార్టులు ఈ సవరణ చేయవు. మీరు చేత్తో గీసుకున్న గీతలు పాత ధర వద్దే ఉండిపోవచ్చు, వాటిని తిరిగి గీసుకోవాలి.

ఇంత పాత చార్టు చూస్తున్నారు గనుక స్కేలును లాగ్‌కు మార్చి చూడండి. మామూలు స్కేలులో 50 నుంచి 100కు పెరగడం, 500 నుంచి 550కి పెరగడం ఒకే ఎత్తుగా కనిపిస్తాయి. మొదటిదానిలో సొమ్ము రెట్టింపైంది, రెండవదానిలో నూటికి పదే పెరిగింది. లాగ్ స్కేలు శాతాలను ఎత్తులుగా చూపిస్తుంది.

ప్రశ్న: మాది లేసు అల్లికల వ్యాపారం. లెక్కలు, పెట్టుబడులు మా అబ్బాయి చూస్తాడు. వాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. చార్టు చూడడం మానేయమందామా? (నరసాపురం)

జవాబు: అవసరం లేదమ్మా. ఆ రంగులు కేవలం అలవాటు. చైనాలోనూ జపాన్‌లోనూ పెరిగిన ధరకు ఎరుపే వాడతారు. సెట్టింగులలో పెరిగినదానికి నీలం, తగ్గినదానికి నారింజ పెట్టుకోమనండి, ఈ రకమైన ఇబ్బంది ఉన్నవారిలో ఎక్కువమందికి ఆ జంట తేలికగా తెలుస్తుంది. లేదా పెరిగిన క్యాండిల్ బాడీని తెల్లగా, తగ్గినదాన్ని నల్లగా పెట్టుకోవచ్చు. "హాలో క్యాండిల్" అని విడిగా ఉండే రకాన్ని మాత్రం తొందరపడి ఎంచుకోవద్దు. అందులో సాధారణంగా ఖాళీ, నిండు అన్నవి ఆ రోజు మొదటి ధరతోనూ, రంగు నిన్నటి ముగింపుతోనూ పోల్చి వేస్తారు; మళ్లీ రంగు మీదే ఆధారపడవలసి వస్తుంది. వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) కడ్డీల రంగునూ, కొను అమ్ము బటన్ల రంగునూ కూడా సరిచూసుకోమనండి. పొరపాటు జరిగితే ఖరీదైనది ఆ బటన్ల దగ్గరే.

ప్రశ్న: ఐదు నిమిషాల చార్టు మీద ఆర్‌ఎస్‌ఐ, స్టోకాస్టిక్, ఎంఏసీడీ, సూపర్‌ట్రెండ్, బోలింజర్ బ్యాండ్స్, వీవాప్ అన్నీ వేసుకుంటాను. అన్నీ ఒకే మాట చెప్పినప్పుడే దిగుతాను. అయినా నష్టమే వస్తోంది. ఇంకేది కలపాలి? (రావులపాలెం)

జవాబు: కలపడం కాదు, తీసేయాలి. మీరు చెప్పిన ఆరింటిలో వీవాప్ ఒక్కటే ధరతోపాటు ఎన్ని షేర్లు చేతులు మారాయన్నది కూడా చూస్తుంది. మిగిలిన అయిదూ ధర నుంచే పుట్టినవి. ఎంఏసీడీ అంటే 12, 26 క్యాండిళ్ల ఈఎంఏల మధ్య తేడా, ఆ తేడాకు మళ్లీ 9 క్యాండిళ్ల సగటు. 1970ల చివరలో జెరాల్డ్ అపెల్ రూపొందించారు. బోలింజర్ బ్యాండ్స్ అంటే 20 క్యాండిళ్ల సగటు, దానికి పైనా కిందా రెండు ప్రామాణిక విచలనాలు (ధరలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత). 1980లలో జాన్ బోలింజర్ ఇచ్చారు. పై గీతను తాకడమే అమ్మకానికి సంకేతం కాదని ఆయనే స్పష్టంగా చెబుతూ వచ్చారు. ధర అరగంట పాటు గట్టిగా పెరిగితే ఈ అయిదింటిలో ఎక్కువభాగం ఒకే వైపు తిరగక తప్పదు. దాన్ని అయిదు వేర్వేరు ఆధారాలుగా మీరు లెక్కపెడుతున్నారు. అన్నీ తిరిగేదాకా ఆగడం వల్ల జరిగేది ఒక్కటే: కదలిక చాలా భాగం అయిపోయిన తరువాత దిగుతారు.

నా సూచన ఇది. దిక్కు కోసం ఒక సగటు, ఎంత ఊగుతుందో తెలియడానికి ఏటీఆర్, పక్కన వాల్యూమ్. ఇంట్రాడే (ఏ రోజు కొన్నది ఆ రోజే అమ్మడం) అయితే సగటు స్థానంలో వీవాప్ ఉంచుకోవచ్చు. అది ప్రతి ఉదయం 9:15కు కొత్తగా మొదలవుతుంది గనుక మొదటి పావుగంటలో దానికి పెద్ద విలువ ఇవ్వకండి. ఏటీఆర్ ఉపయోగం స్టాప్‌లాస్ (నష్టం ఒక హద్దు దాటకుండా ముందే పెట్టుకునే ఆర్డరు) దగ్గర తెలుస్తుంది. షేరు ఐదు నిమిషాలకు సగటున 4 రూపాయలు ఊగుతూ ఉంటే, 3 రూపాయల దూరంలో పెట్టిన స్టాప్‌లాస్ ఏ కారణం లేకుండానే తెగిపోతుంది. రోజుకు కొద్ది వందల షేర్లు మాత్రమే చేతులు మారే చిన్న కంపెనీల మీద ఐదు నిమిషాల చార్టు అసలు తెరవవద్దు. అక్కడ సగం క్యాండిళ్లు ఒకటి రెండు లావాదేవీలతో ఏర్పడినవి. వాటి నుంచి తీసిన ఏ లెక్కకూ అర్థం ఉండదు.

ఇంకొక లెక్క కూడా చూడాలి. ఐదు నిమిషాల చార్టులో రోజుకు 75 క్యాండిళ్లు. వాటిలో వచ్చే ప్రతి సంకేతానికీ బ్రోకరేజి, అమ్మకంపై 0.025 శాతం ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను), ఎక్స్ఛేంజి రుసుము, బ్రోకరేజి పైనా ఆ రుసుము పైనా జీఎస్‌టీ, స్టాంపు సుంకం, పైగా కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా. ఇండికేటర్ల పాత ఫలితాలను చూపించే తెరలలో చాలావాటిలో ఈ ఖర్చులు సున్నాగా పెట్టి ఉంటాయి. అవి నింపి మళ్లీ లెక్క వేయించండి. సెబీ 2024 జూలైలో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2022-23లో ఇంట్రాడే చేసిన వ్యక్తులలో పదిమందికి ఏడుగురు నష్టపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరు అధ్యయనం ఫ్యూచర్స్, ఆప్షన్లలో మూడేళ్ల కాలానికి 93 శాతం మంది నష్టపోయారనీ, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ చెప్పింది. వారి తెరల మీద ఇండికేటర్లు లేకపోవడం వల్ల అలా జరగలేదు.

ప్రశ్న: హైకిన్ ఆషి చార్టు మీద ట్రెండు ఎంతో శుభ్రంగా కనిపిస్తోంది. అయితే ఆర్డరు పెడితే తెర మీది ధర కాకుండా వేరే ధర పడుతోంది. (రాజోలు)

జవాబు: ఆ తెర మీద ఉన్నవి బజారు ధరలు కావు. హైకిన్ ఆషి క్యాండిల్ ముగింపు అంటే అసలు నాలుగు ధరల సగటు. దాని మొదలు అంటే వెనకటి హైకిన్ ఆషి క్యాండిల్ బాడీకి నడిమి ధర. వెనకటి క్యాండిల్ 200 నుంచి 204 వరకు ఉందనుకోండి. కొత్తది 202 వద్ద మొదలవుతుంది. ఈ రోజు షేరు నిజంగా 210 వద్ద మొదలై, 214కు వెళ్లి, 206కు దిగి, 207 వద్ద ముగిసింది. నాలుగింటి సగటు 209.25. అంటే మామూలు చార్టులో ఇది మూడు రూపాయలు పడిన ఎర్ర క్యాండిల్. మీ తెర మీద 202 నుంచి 209.25కు పెరిగిన పచ్చ క్యాండిల్. ఉదయం 210 వద్ద ఎగిరి మొదలైన అంతరం కనిపించకుండా పోయింది. 202కు ఆ రోజు ఒక్క షేరు కూడా చేతులు మారలేదు, ఎందుకంటే కనిష్ఠ ధరే 206.

ట్రెండు నడుస్తుండగా తొందరపడి బయటికి రాకుండా ఉండడానికి ఈ చార్టు కొందరికి సాయపడుతుంది, దానికి నాకు అభ్యంతరం లేదు. కొనే ధర, అమ్మే ధర, స్టాప్‌లాస్ మాత్రం మామూలు క్యాండిల్ చార్టు చూసి పెట్టుకోవాలి. హైకిన్ ఆషి మీద నడిపించిన బ్యాక్‌టెస్ట్ (పాత ధరల మీద వేసి చూసిన లెక్క) లాభాన్ని ఎవరైనా చూపిస్తే, సాఫ్ట్‌వేర్ 202కు కొన్నట్టు లెక్క వేసిందా, 210కి కొన్నట్టు వేసిందా అని అడగండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో అసలు ధరలతోనే ఆర్డర్లు నింపేలా మార్చే ఎంపిక ఉంటుంది. దానిని పెట్టి మళ్లీ నడిపిస్తే, చూపించిన లాభంలో ఎంత మిగులుతుందో అక్కడే తెలుస్తుంది.